నిరాకరణ అని రాసిన చోట

ఈ కేసులో ఊరి పేరు, హాస్టలు వివరాలు తీసివేశాను. కుటుంబాన్ని గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు సంగతులను, విషయానికి భంగం రాకుండా, మార్చాను. బాలిక తల్లి అనుమతితోనే రాస్తున్నాను. నేను తిరుపతిలో సామాజిక వైద్య విభాగంలో పనిచేసే వైద్యురాలిని.

నేపథ్యం

2024 ఫిబ్రవరిలో తిరుపతి జిల్లా తూర్పు మండలాల్లో ఒకదానిలో 9 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) టీకా ఉచితంగా వేసే పని మా బృందం చేపట్టింది. టీకాల ఖర్చు ఒక దాత భరించారు. అప్పటికి ఈ టీకా ప్రభుత్వ సార్వత్రిక టీకాల జాబితాలో లేదు. చేర్చమని టీకాలపై జాతీయ సాంకేతిక సలహా బృందం 2022లోనే సిఫారసు చేసింది, ఆ ఫిబ్రవరి 1 నాటి మధ్యంతర బడ్జెట్ ప్రసంగంలో కూడా 9–14 ఏళ్ళ బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామన్న మాట వచ్చింది. ఆచరణలో మాత్రం అది కొనుక్కోగలిగిన వాళ్ళకే అందేది. 2023లో మార్కెట్లోకి వచ్చిన స్వదేశీ టీకా సర్వావాక్ ఒక డోసు బయట సుమారు రెండు వేల రూపాయలు. తొమ్మిది రకాల వైరస్‌ల మీద పనిచేసే విదేశీ టీకా అంతకు ఎన్నో రెట్లు. దేశంలో 2022లో సుమారు 1,27,000 మంది స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కొత్తగా వచ్చిందనీ, దాదాపు 80,000 మంది దానితో చనిపోయారనీ అంచనా. ఈ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమయ్యే హెచ్‌పీవీ-16, హెచ్‌పీవీ-18 అనే రెండు రకాల నుంచి ఈ టీకాలన్నీ రక్షణ ఇస్తాయి. అయినా టీకా కొనుక్కునే ఇల్లూ, ఈ జబ్బు ముదిరాక ఆసుపత్రికి వచ్చే ఇల్లూ చాలా అరుదుగా ఒకటే అవుతాయి.

మేము బడులను కేంద్రంగా ఎంచుకున్నాం. సిక్కిం 2018లో బడుల ద్వారానే ఈ టీకా వేసి మంచి ఫలితం సాధించింది. పిల్లలు ఒకచోట దొరుకుతారు, వేశాక పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి చూడడానికి గది ఉంటుంది, టీకాలను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఒకే పెట్టెలో తీసుకుపోవచ్చు. ఆ ఎంపిక తప్పని ఇప్పటికీ అనను. అయితే ఎవరు దొరకరో ముందుగా లెక్కవేసుకోకుండా ఆ ఎంపిక చేశాం.

ఆ మండలంలో మేము వెళ్ళిన ఒక ఆడపిల్లల హాస్టల్లో 11 మంది పిల్లల సమ్మతి పత్రాలు ఖాళీగా తిరిగొచ్చాయి. వాళ్ళ తల్లిదండ్రులు సంక్రాంతి కాగానే తమిళనాడు వైపు ఇటుక బట్టీలకు వెళ్ళిపోయారు; మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నవాళ్ళు ఆషాఢం వానలు పడేదాకా ఊరికి రారు. వార్డెన్ సహృదయురాలు. "పిల్లల బాధ్యత నాదే కదా మేడమ్, సంతకాలు నేను పెట్టేస్తాను, పని అయిపోతుంది" అన్నారు.

నేను వద్దన్నాను. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకాను ప్రయోగాత్మకంగా దాదాపు 14,000 మంది బాలికలకు వేసినప్పుడు చాలామంది గిరిజన బాలికల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లూ ప్రధానోపాధ్యాయులూ సంతకాలు చేశారు. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆ పని ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ సంఘం తేల్చింది. కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆ చరిత్ర తెలిసిన తెలుగు వైద్యులెవరూ వార్డెన్ సంతకంతో ఈ సూది వేయకూడదు. ఆ నిర్ణయం సరైనదే. దాని తర్వాత నేను చేయవలసిన పని ఒకటుంది, చేయలేదు: ఆ పత్రాలను పట్టుకుని తల్లిదండ్రుల దగ్గరకు వెళ్ళడం. మా ఎక్సెల్ షీటులో రెండే గడులున్నాయి, 'వేశాం', 'నిరాకరణ' అని. ఆ 11 పేర్లూ రెండో గడిలోకి వెళ్ళాయి. నివేదికలో ఆ అంకె చూసి, "యానాది గిరిజన కాలనీల్లో టీకా అంటే భయం ఎక్కువ" అని మా సమావేశంలో ఎవరో అన్నారు. నేనూ తల ఊపాను.

ఎదురైన సమస్య

జూన్‌లో 38 ఏళ్ళ స్త్రీ ఒకామె తిరుపతిలో క్యాన్సర్ చికిత్సకు చేరింది. ఏడాదిగా తెల్లబట్ట, మధ్యమధ్య రక్తస్రావం. బట్టీ దగ్గరి ఆర్‌ఎంపీ డాక్టరు మాత్రలు ఇచ్చాడు, తగ్గలేదు. అడ్వాన్సు తీరకపోయినా మేలో ఊరికి వచ్చేసింది. రెండో దశ దాటుతున్న గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తేలింది. రేడియేషన్, వారం వారం కీమో మొదలయ్యాయి. ఖర్చు ఆరోగ్యశ్రీలో వచ్చింది. ఐదు వారాలకు పైగా తిరుపతిలోనే ఉండాలి. తోడుగా ఎవరు ఉండాలి? భర్త కూలికి వెళ్ళకపోతే ఇల్లు గడవదు. పెద్ద కూతురు పెళ్ళై చంటిబిడ్డతో ఉంది. అందుకని రెండో కూతురు హాస్టలుకు తిరిగి వెళ్ళకుండా, వరండాలో చాప పరుచుకుని తల్లి దగ్గర ఉండిపోయింది. ఎనిమిదో తరగతి అయిపోయి తొమ్మిదిలోకి వెళ్ళవలసిన పిల్ల.

నేను వార్డు చూడడానికి వెళ్ళిన రోజు ఆ తల్లి అడిగింది: "మేడమ్, నాకొచ్చింది నా బిడ్డకి రాకుండా ఏదన్నా మందుందా?"

ఉందని చెప్పాను. ఎక్కడ చదువుతోందని పిల్లను అడిగితే హాస్టలు పేరు చెప్పింది. ఆ సాయంత్రం షీటు తెరిచి చూశాను. 11 పేర్లలో ఆరోది ఆ పిల్లదే. పక్కన 'నిరాకరణ' అని ఉంది. నివారణ గురించి వైద్యురాలిని తనంతట తాను అడిగిన తల్లి, మా లెక్కలో నివారణ వద్దన్న తల్లి.

మరునాడు ఆమెను నిదానంగా అడిగాను. ఫిబ్రవరిలో టీకా సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. పత్రం పిల్ల పుస్తకాల సంచిలో కొన్నాళ్ళు ఉండి, ఖాళీగానే తిరిగి వెళ్ళింది. చదివి చెప్పేవాళ్ళు లేరు, వేలిముద్ర వేయవలసినవాళ్ళు ఊళ్ళో లేరు.

ప్రయత్నాలు, వైఫల్యాలు

మొదట ఇది సులువైన పని అనుకున్నాను. మా ఫ్రిజ్‌లో డోసులున్నాయి, పిల్ల ఎదుటే ఉంది, తల్లి అడుగుతోంది. మూడు అడ్డంకులు వచ్చాయి. మూడింటి మూలమూ మా నియమాల్లోనే ఉంది.

మొదటిది వయసు. దాత షరతు ప్రకారం 9 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకే, ఆధార్ చూపాలి. పిల్ల ఆధార్ మీద పుట్టిన తేదీ 01-01-2008. అంటే పదహారు దాటాయి. జనవరి ఒకటి చూడగానే ఈ ప్రాంతంలో పనిచేసే ఎవరికైనా అనుమానం రావాలి. తేదీ తెలియని పిల్లలకు నమోదు చేసేవాళ్ళు పెట్టే తేదీ అది. హాస్టలు ప్రవేశ రిజిస్టరులో 2010 జూన్ అని ఉంది. అదీ బడిలో చేర్చుకునే రోజుకు సరిపోయేట్టు వేసిన తేదీ కావచ్చు. మాతా శిశు కార్డు కప్పు కారిన ఏడాది తడిసిపోయింది. తల్లిని అడిగితే ఆమె దగ్గర అన్నిటికన్నా నమ్మదగ్గ జవాబు ఉంది: "రాజశేఖరరెడ్డి హెలికాప్టర్లో పోయినప్పుడు ఇది నాకు కడుపులో ఐదో నెల." ఆ ప్రమాదం జరిగింది 2009 సెప్టెంబరు 2న, ఆయన అప్పటి మా చిత్తూరు జిల్లాకే వస్తుండగా, ఆ రోజు ఎవరు ఎక్కడున్నారో ఇక్కడ అందరికీ గుర్తే. ఆ లెక్కన పిల్ల పుట్టింది 2010 జనవరి ప్రాంతంలో. అంటే పద్నాలుగున్నర.

ఈ తేడా మాటవరసది కాదు. మన దేశంలో ఈ టీకాకు ఇచ్చిన అనుమతి ప్రకారం 15 ఏళ్ళలోపు మొదలుపెడితే రెండు డోసులు, ఆపైన మూడు. చిన్న వయసులో శరీరం టీకాకు బాగా స్పందిస్తుంది. వైరస్ తగలకముందే వేస్తేనే పూర్తి ప్రయోజనం. అప్పటికే ఉన్న ఇన్‌ఫెక్షన్‌ను ఇది పోగొట్టదు. ఆ కుటుంబంలో పెద్దపిల్లకు పదిహేడో ఏటనే పెళ్ళి చేశారు. కాబట్టి ఆధార్ మాటే నమ్మితే పిల్ల పథకం బయటికి పోతుంది, డబ్బు పెట్టి మూడు డోసులు కొనుక్కోవాలి. ఎముకల ఎక్స్‌రే తీసి వయసు నిర్ధారిద్దామని జూనియర్ ఒకరు సూచించారు. ఒక్క టీకా కోసం పిల్లకు అనవసరంగా ఎక్స్‌రే తీయడం, ఏడాది రెండేళ్ళ తేడా రాగల పరీక్షను ప్రమాణంగా పెట్టుకోవడం రెండూ నాకు నచ్చలేదు. తల్లి మాటనూ హాస్టలు రిజిస్టరునూ కలిపి రాసి దాతకు పంపాను. ఒప్పుకోవడానికి పది రోజులు పట్టింది. ఒప్పుకున్నారు.

రెండో అడ్డంకి నేను తెచ్చిపెట్టుకున్నది. తల్లి ఒప్పుకున్నా తండ్రికి తెలియకుండా వేయకూడదనుకున్నాను. రేపు పిల్లకు మామూలు జ్వరం వచ్చినా నింద ఆ తల్లి మీద పడుతుంది, ఆమె అప్పటికే చికిత్సలో ఉంది. అందుకని కాలనీకి వెళ్ళాను, ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని, బొమ్మల చార్టుతో, పగలు పదకొండు గంటలకు. ఇంకా ఇళ్ళ దగ్గర ఉన్నది ముసలివాళ్ళు, ఆ రోజు పని దొరకని నలుగురైదుగురు మగవాళ్ళు. వైరస్ గురించి చెప్పాను, 70 శాతం చెప్పాను, దేశంలో ఎంతమందికి వస్తుందో చెప్పాను. తండ్రి ఓపిగ్గా విని ఒకే ప్రశ్న వేశాడు: "డబ్బులెంత?" ఉచితమన్నాను. ఆ మాటతో ఆయన ముఖం మూసుకుపోయింది. అది నా అస్త్రమనుకున్నాను, అది ఆయన అనుమానానికి మూలమైంది. పక్కనున్న పెద్దాయన "బిడ్డలు పుట్టకుండా చేసే సూదంట కదా" అన్నాడు. కాదన్నాను, ఎందుకు కాదో చెప్పాను. "సరే మేడమ్, చూస్తాం" అన్నారు. మన వైపు ఆ మాటకు అర్థం వద్దనే.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు జీపులో, "ఎంత చెప్పినా వీళ్ళింతే" అన్న మాట నా నోటిదాకా వచ్చింది. రాత్రి చార్టు మళ్ళీ చూసుకుంటే, వాళ్ళు అడగని ప్రశ్నలకు అందులో జవాబులున్నాయి, అడిగినదానికి లేదు.

మూడోది డోసుల మధ్య ఎడం. రెండో డోసు ఆరు నెలలకు. జూలైలో వేస్తే జనవరిలో రెండోది. జనవరిలో కుటుంబం బట్టీకి వెళ్తుంది. బట్టీ దగ్గరి తమిళనాడు ఆరోగ్య కేంద్రానికి ఉత్తరం రాసి, అక్కడికి డోసు పంపించే ఏర్పాటు చేద్దామని రెండు వారాలు తిరిగాను. రాష్ట్రం మారితే, పథకంలో లేని టీకాను ఎవరు ఎవరికి ఎలా ఇస్తారన్న దగ్గర ఆగిపోయింది.

ఏది పనిచేసింది

రెండోసారి కాలనీకి చీకటి పడ్డాక వెళ్ళాను. చికిత్సలో వారాంతపు విరామానికి తల్లి ఇంటికి వచ్చిన రోజది. ఆమె జబ్బును నేను ఉదాహరణగా వాడుకోకూడదని ముందే అనుకున్నాను. ఆ చోట వచ్చే క్యాన్సర్‌ను ఆడదాని నడతకు ముడిపెట్టే మాటలు అన్ని కాలనీల్లోనూ ఉన్నాయి, చదువుకున్న వీధుల్లోనూ ఉన్నాయి. వార్డులోనే ఆమెకు చెప్పాను: ఇది చాలామంది ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఎప్పుడో ఒకప్పుడు తగిలే వైరస్, ఎక్కువమందిలో ఏడాది రెండేళ్ళలో దానంతట అదే పోతుంది, కొందరిలో ఉండిపోయి ఏళ్ళ తర్వాత జబ్బవుతుంది, ఇందులో నీ తప్పు లేదు. నలుగురిలో చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టానికి వదిలాను. ఆమె చెప్పాలనుకుంది.

ఆ రాత్రి తండ్రి అసలు ప్రశ్న అడిగాడు: "ఇది ఊళ్ళో పెద్దోళ్ళ పిల్లలకి కూడా ఏసినారా, మాకేనా?"

ఖమ్మం పేరు ఆయనకు తెలియదు. కానీ ఉచితంగా వచ్చే కొత్త సూది ముందుగా ఎవరి మీద పరీక్షిస్తారన్న ఎరుక ఆయనకు ఉంది, ఆ ఎరుకకు కారణాలూ ఉన్నాయి. నేను శాస్త్రం చెప్పలేదు. తిరుపతిలో పిల్లల డాక్టర్ల దగ్గర ఈ టీకాను ఎవరు వేయించుకుంటున్నారో, ఎంత పెట్టి వేయించుకుంటున్నారో చెప్పాను. నా కూతురికి 2023లో వేయించాను. ఆ కార్డు ఫోటో ఫోనులో ఉంటే చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. చదవడం రాకపోయినా తారీఖూ ముద్రా గుర్తుపట్టాడు. "మీ పాపకి రెండు వేలు పెట్టి ఏయించినారా?" అన్నాడు. ఒక్కో డోసుకు అన్నాను. అప్పుడు తల్లి అంది: "ఇంత మంచిదైతే, ఇది చెప్పేదానికి నాకు రోగం వచ్చేదాకా మీకు తీరలేదా మేడమ్?" దానికి నా దగ్గర జవాబు లేదు. ఫిబ్రవరిలో ఏం జరిగిందో, షీటులో ఏం రాసి ఉందో చెప్పాను. వేరే మాట చెప్పి ఉంటే తండ్రి వేలిముద్ర వేసి ఉండేవాడు కాదని నా నమ్మకం.

ఇక డోసుల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో 9 నుంచి 20 ఏళ్ళ వాళ్ళకు ఒక్క డోసు కూడా సరిపోతుందని తన విధానంలో చేర్చింది. ఆ సాక్ష్యంలో ముఖ్యమైన భాగం మన దేశానిదే: 2009లో రెండు డోసులు మేలా మూడు మేలా అని పోల్చే అధ్యయనం ఒకటి దేశంలో పలుచోట్ల మొదలైంది, 2010లో ప్రభుత్వ ఆదేశంతో మధ్యలో ఆగింది, ఒక్క డోసుతో మిగిలిపోయిన అమ్మాయిలను పదేళ్ళు గమనిస్తే రక్షణ దాదాపు అంతే ఉంది. ఖమ్మం అలజడి వల్ల ఆగిన టీకాలే, ఖమ్మంలాంటి చోట్ల రెండోసారి దొరకని పిల్లలకు పనికొచ్చే జవాబు ఇచ్చాయి. అయితే ఆ ఒక్క డోసు పద్ధతి అప్పటికి మన టీకా అనుమతి పత్రంలో లేదు. హెచ్ఐవీ ఉన్నవాళ్ళకు ఒక్క డోసు చాలదు కూడా. తల్లికి చికిత్సకు ముందు చేసిన పరీక్షలో హెచ్ఐవీ లేదు, పిల్ల ఆరోగ్యంగా ఉంది.

ఒక్క డోసుతో ముగించి చేతులు దులుపుకోవచ్చు. పేద పిల్ల కాబట్టి ఒకటి చాలు, నా కూతురికి మాత్రం రెండు అన్న లెక్క నాకు మింగుడుపడలేదు. అలాగని ఆరో నెలలో రెండోది తప్పితే మొదటిది వృథా అని కుటుంబాన్ని భయపెట్టడం అబద్ధమవుతుంది. రెండు డోసుల మధ్య కనీస వ్యవధి ఉండాలి గానీ, ఆలస్యమైతే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టనక్కర్లేదు. మొదటిది 15 ఏళ్ళలోపు పడితే రెండోది ఆ తర్వాత పడినా రెండే చాలు. కాబట్టి బట్టీ దగ్గరకు టీకాను పంపే ప్రయత్నం మానేసి, బట్టీ క్యాలెండరు ప్రకారమే తేదీలు వేశాను: మొదటిది 2024 ఆగస్టులో, రెండోది 2025లో వాళ్ళు వానలకు తిరిగి వచ్చాక. మొదటిదానితోనే చాలా రక్షణ వచ్చిందని, రెండోది వస్తే ఇంకా మంచిదని చెప్పాను. ఇంత సులువైన పరిష్కారానికి రెండు వారాలు ఎందుకు పట్టిందో ఆలోచిస్తే, నా మనసులో షెడ్యూలు స్థిరంగానూ కుటుంబం కదిలేదిగానూ ఉండిపోయాయి. నిజానికి ఆ కుటుంబం కదలికే ఏటా తేదీ తప్పనిది.

మిగిలిన పదిమంది

ఆ జూలై, ఆగస్టుల్లో మిగిలిన పదిమంది తల్లిదండ్రులనూ ఇళ్ళ దగ్గర, సాయంత్రాలు కలిశాం. ఏడుగురు ఒప్పుకున్నారు. ఒకరి జాడ దొరకలేదు. ఇద్దరు వద్దన్నారు, వాళ్ళకు పూర్తిగా చెప్పాం, విన్నారు, కారణం చెప్పి వద్దన్నారు. అది నిరాకరణ. ఆ మాటను ఆ ఇద్దరి పేర్ల ఎదుటే ఉంచి, షీటులో కొత్తగా మూడు గడులు చేర్చాం: 'తల్లిదండ్రులను కలవలేదు', 'చెప్పాం, ఇంకా తేల్చుకోలేదు', 'వయసు ధ్రువపత్రం వల్ల ఆగింది'. గడులు చేర్చిన తర్వాత పాత బడుల జాబితాలు తిరగేస్తే, ప్రైవేటు బడుల్లో ఆగినవాళ్ళు ఎక్కువమంది 'తేల్చుకోలేదు' కిందికి వచ్చారు, ప్రభుత్వ హాస్టళ్ళలో ఆగినవాళ్ళు ఎక్కువమంది 'కలవలేదు' కిందికి వచ్చారు. ఈ రెండింటికీ ఒకే మందు లేదు. మొదటివాళ్ళకు సమాచారం కావాలి, రెండోవాళ్ళకు మేము కావాలి. ఒకే గడిలో ఉన్నంతకాలం రెండు గుంపులకూ కరపత్రాలే పంచాం.

బడి మానేసిన పిల్లల పేర్లకు ఇప్పటికీ మా దగ్గర సరైన జాబితా లేదు. అంగన్‌వాడీ సర్వే పుస్తకం, ఆశా దగ్గరి ఇంటింటి జాబితా కలిపి చూస్తున్నాం. రెండింటిలోనూ బట్టీకి వెళ్ళిన కుటుంబాల ఎదుట 'ఇల్లు తాళం' అని ఉంటుంది.

2025 జూలైలో ఆ పిల్లకు రెండో డోసు వేశాం. తల్లి చికిత్స పూర్తయింది, మూడు నెలలకోసారి పరీక్షకు వస్తోంది. పిల్ల హాస్టలుకు తిరిగి వెళ్ళలేదు. దానికి మేము చేసిన ప్రయత్నం ఫలించలేదు. సూది వేశాక పదిహేను నిమిషాలు కూర్చోమన్నప్పుడు పక్కనే చంటిబిడ్డను ఎత్తుకుని నిలబడిన పెద్ద కూతురు, "నాకు ఏయరా మేడమ్?" అని అడిగింది. ఆమెకు ఇరవై. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆ వయసుకు టీకా ఉంది, దాత షరతులో లేదు, మన అనుమతి ప్రకారం మూడు డోసులు కొనాలి. ప్రభుత్వం చేసే క్యాన్సర్ పరీక్షలు ముప్పై ఏళ్ళకు గానీ మొదలుకావు. ఆమె పేరూ ఫోను నంబరూ నా పుస్తకంలో రాసుకున్నాను. షీటులో రాయడానికి గడి లేదు.